ఫిర్యాదు వాకాడులో, ఆధారం కాలిఫోర్నియాలో

వాకాడులో ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఫొటోను మార్ఫింగ్ చేసి, ఎవడో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ ఖాతా తెరిచి పెట్టాడనుకుందాం. వాడు స్వర్ణముఖి నదికి అవతలి ఊరివాడు కావచ్చు, పక్క వీధివాడే కావచ్చు. వాడెవడో చెప్పే వివరాలు మాత్రం ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే, కాలిఫోర్నియాలోని మెటా కంపెనీ దగ్గరుంటాయి. పైగా ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కేసును ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. ఎస్సై కేసు కట్టినా, ఫైలు సీఐ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇలాంటి కంపెనీలను మన పోలీసులతో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టిన ఘనతలో హైదరాబాద్‌కు పెద్ద వాటా ఉంది. వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోల గురించి 2015 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో సునీతా కృష్ణన్ నడిపే ప్రజ్వల సంస్థ సుప్రీంకోర్టుకు లేఖ రాసింది. కోర్టు ఆ లేఖనే కేసుగా తీసుకుంది. 2017లో కోర్టు వేయించిన కమిటీలో గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, యాహూ, వాట్సాప్ ప్రతినిధులు ప్రభుత్వానికి ఎదురుగా కూర్చుని లెక్క చెప్పాల్సి వచ్చింది. 2018లో మొదలైన జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు మూలం అక్కడే ఉంది.

కంపెనీలు పోలీసులకు సమాచారం ఇవ్వడానికి 2021 ఐటీ నిబంధనలు గడువులు పెట్టాయి. 50 లక్షలకు పైగా వినియోగదారులున్న కంపెనీ 24 గంటలూ పోలీసులకు అందుబాటులో ఉండే అధికారిని మన దేశంలోనే నియమించాలి. చట్టబద్ధంగా అడిగిన సమాచారం 72 గంటల్లో ఇవ్వాలి.

మరి ఏం ఇస్తారు? ఖాతా తెరిచిన ఫోన్ నంబరు, మెయిల్, లాగిన్ అయిన ఐపీ చిరునామాలు. మెసేజుల్లో ఏముందో కావాలంటే అమెరికా చట్టం అడ్డొస్తుంది; రెండు దేశాల న్యాయసహాయ ఒప్పందం దారిలో వెళ్లాలి, దానికి నెలలు పడుతుంది. వాట్సాప్ సందేశాలైతే ఎన్‌క్రిప్షన్ వల్ల కంపెనీకే కనబడవు. ఐపీ చిరునామా దొరికినా పని అయిపోదు. మొబైల్ నెట్‌లో ఒకే చిరునామాను ఎన్నో ఫోన్లు పంచుకుంటాయి. పోర్ట్ నంబరు, కచ్చితమైన సమయం ఉంటేనే టెలికాం కంపెనీ మనిషిని తేల్చగలదు. లాగ్‌లో ఉండేది అంతర్జాతీయ సమయం. దానికి ఐదున్నర గంటలు కలపడం మరిచిపోతే ఏ పాపం తెలియనివాడి తలుపు తట్టే ప్రమాదం ఉంది!

అడక్కుండానే వచ్చే సమాచారం కూడా ఉంది. పిల్లల అశ్లీల చిత్రాలు తమ కంటపడితే అమెరికా కంపెనీలు అక్కడి ఎన్‌సీఎంఈసీ అనే కేంద్రానికి తెలపాలి. 2019 ఏప్రిల్‌లో మన జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది అక్కడికి చేరిన 1.69 కోట్ల నివేదికల్లో దాదాపు 19.87 లక్షలు భారత్‌కు సంబంధించినవే. ఇన్ని నేరాలని కాదు. ఒకే వీడియో వేల చేతులు మారుతుంది. చెన్నై అంబత్తూరులో ఒక యువకుడిపై కేసు ఇలాంటి నివేదికతోనే మొదలైంది. అది సుప్రీంకోర్టుదాకా వెళ్లి, 2024 సెప్టెంబరు 23న తీర్పు వచ్చింది. అమెరికా కేంద్రానికి చెప్పి ఊరుకుంటే చాలదు, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం మన పోలీసులకూ చెప్పాల్సిందేనని కోర్టు తేల్చింది. నా ఉద్దేశంలో అసలు లోపం ఇక్కడే ఉంది: సొంత దేశపు చట్టం బిగించినచోట కంపెనీలు చురుగ్గా కదులుతాయి, మన చట్టం దగ్గర కోర్టు గద్దించేదాకా ఆగుతాయి.

ఇంట్లో జరిగే పొరపాటు మరొకటి. పరువు పోతుందని తల్లిదండ్రులు ఫోన్ లాక్కుని చాట్‌లు చెరిపేస్తారు, ఖాతా మూసేస్తారు. పోలీసులు అడిగితే మెటా ఖాతా వివరాలను 90 రోజులు భద్రపరుస్తుంది. కానీ అడిగేలోగా చెరిగిపోయినదాన్ని మళ్లీ తేవడం కష్టం. పోక్సో కింద పిల్లల పేరు బయటికి రాకూడదు, వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. కాబట్టి వెనకాడకండి. ఖాతా లింకు, యూజర్‌నేమ్, తేదీ, సమయం రాసిపెట్టుకోండి. ఆ బొమ్మను ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, సాయం అడగడానికైనా సరే. ఆ రోజే స్టేషన్‌కు వెళ్లండి, లేదా 1098కి ఫోన్ చేయండి.