వెనక యాక్సిల్ కూస్తోంది: ఎందుకు? ఇంటి దగ్గర ఎంతవరకు బాగుచేసుకోవచ్చు?

వేగం యాభై దాటగానే బండి వెనక నుంచి ఒకే శ్రుతిలో కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆ శ్రుతి మారుతుంది, లేదా ఆగిపోతుంది. తెనాలి, రేపల్లె, బాపట్ల రోడ్ల మీద మారుతి వ్యాను, బొలేరో, సుమో, క్వాలిస్ నడిపేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన శబ్దమే. 2014లో తయారీ ఆగిపోయినా అంబాసిడర్‌ని వదులుకోలేనివాళ్లకి మరీ బాగా తెలుసు. ఈ బళ్లన్నిటినీ వెనక చక్రాలే తోస్తాయి. ఆల్టో, స్విఫ్ట్ లాంటివాటిని ముందు చక్రాలు లాగుతాయి కనుక వాటి వెనక గేర్లే ఉండవు, హబ్ బేరింగులు మాత్రం ఉంటాయి. ముందుగా మీ బండి ఏ రకమో చూసుకోండి.

శబ్దం గేరుదా, బేరింగుదా? ఎలా తెలుస్తుంది?

ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర ఉండే చిన్న గేరు పినియన్. అది తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్. పినియన్‌కి 9 పళ్లు, క్రౌన్‌కి 41 పళ్లు ఉన్నాయనుకుందాం. బండి చక్రం ఒక చుట్టు తిరిగేసరికి పినియన్ నాలుగున్నర చుట్లు తిరుగుతుంది. చుట్టుకొలత 2 మీటర్లున్న చక్రం గంటకి 60 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 500 సార్లు తిరుగుతుంది. అంటే ఆ పళ్లు సెకనుకి దాదాపు 340 సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి. అరిగిన క్రౌన్ పినియన్ అంత సన్నగా కూయడానికి కారణం అదే. చక్రం దగ్గరి బేరింగు పోతే వచ్చేది బొంగురు గరగర. కాలు తీసినా అది పెద్దగా మారదు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగుని కొద్దిగా అటూ ఇటూ తిప్పితే, బరువు పడిన పక్క పెరుగుతుంది. గేరు వేసి క్లచ్ వదలగానే టక్కుమంటే మాత్రం యాక్సిల్ విప్పకండి. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లలోని క్రాసులు చూడండి. అది చిన్న పని, చిన్న ఖర్చు.

మన వైపు ఇవి త్వరగా ఎందుకు పోతాయి?

నీళ్ల వల్ల. యాక్సిల్ హౌసింగ్ మీద బ్రీదర్ అని చిన్న గాలిరంధ్రం ఉంటుంది. నడిచిన బండిలో ఆయిలు వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి అందులోంచి బయటికి పోతుంది. అలా వేడిగా ఉన్న యాక్సిల్ ఒక్కసారిగా నీళ్లలోకి దిగితే లోపలి గాలి ముడుచుకుని బయటిదాన్ని లోపలికి లాగుతుంది. అప్పుడు బ్రీదర్ నుంచో, అరిగిన ఆయిల్ సీలు అంచు నుంచో నీళ్లు జొరబడతాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో కృష్ణ వరద కొల్లూరు, రేపల్లె వైపు లంకల్ని ముంచింది. అలాంటి నీళ్లలో నడిచిన బండికి ఇంజను ఆయిలు మార్చేవాళ్లు ఉన్నారు గానీ, వెనక యాక్సిల్ గుర్తొచ్చేవాళ్లు తక్కువ. నీళ్లు కలిసిన ఆయిలు మజ్జిగలా తెల్లబడుతుంది. బేరింగు రోలర్ల మీద తుప్పు గుంటలు పడతాయి. నిజాంపట్నం హార్బర్ నుంచి చేపలు మోసే బళ్లకి ఐసు కరిగిన ఉప్పునీళ్లు కూడా తోడు.

బేరింగు వదులైతే పినియన్ కదులుతుంది. పినియన్ కదిలితే పళ్లు తాకాల్సిన చోట తాకవు. చాలా బళ్లలో మొదట పోయేది బేరింగు, దాని వెంట గేరు. అందుకే కూత వినగానే ఆయిలు దించి చూడమని నేను గట్టిగా చెబుతాను. దించిన ఆయిల్ని మాత్రం డబ్బాలో పట్టండి, కాలవలోకి వదలకండి. మన ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఆ కాలవ నీళ్లతోనే.

ఇంటి దగ్గర ఏది చేసుకోవచ్చు?

ఆయిలు, సీళ్లు, బ్రీదర్ శుభ్రం, ఓపిక ఉంటే చక్రాల బేరింగులు. తెనాలి వైపు నల్లరేగడి, బాపట్ల తీరాన ఇసుక; రెండిట్లోనూ జాకీ కుంగుతుంది. సిమెంటు చప్టా లేకపోతే మందపాటి చెక్క వేసి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందకి దూరండి. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాల్నే. అవి గాల్లో ఉంటే దానివల్ల బండి ఆగదు, గేర్లో పెట్టినా అంతే. ముందు చక్రాలకి రెండువైపులా దిమ్మలు పెట్టాల్సిందే.

డ్రమ్ము విప్పి, బ్యాకింగ్ ప్లేటు బోల్టులు తీస్తే చాలా బళ్లలో యాక్సిల్ షాఫ్ట్ బేరింగుతో సహా బయటికొస్తుంది. బేరింగుని పట్టి ఉంచే రింగు బిగుతుగా దిగి ఉంటుంది. సుత్తి దెబ్బలతో దాన్ని తీస్తే షాఫ్ట్ మీద గాటు పడి, కొత్త సీలు కూడా కారుతుంది. ఆ ఒక్క పనికి షాఫ్ట్‌ని ప్రెస్ ఉన్న లేత్ షాపుకి పట్టుకెళ్లడమే నయం. కొత్త బేరింగు ఎక్కించేటప్పుడు షాఫ్ట్ మీద కూర్చునే లోపలి రింగు మీదే ఒత్తిడి పడాలి. బయటి రింగుని కొడితే ఆ దెబ్బ రోలర్ల గుండా వెళ్లి గుంటలు చేస్తుంది. కొత్త బేరింగు పుట్టుకతోనే పాడవుతుంది.

మరి క్రౌన్ పినియన్?

ఇక్కడ విప్పడం, బిగించడం తేలికే, కొలతే కష్టం. ఆ రెండు గేర్లనీ తయారీలోనే ఒకదానితో ఒకటి నూరి జత చేస్తారు. ఒకటే మారిస్తే కూత తగ్గదు, పెరుగుతుంది. జతగానే కొనాలి, రెండింటి మీద నంబరు కలిసిందో లేదో దుకాణంలోనే చూసుకోవాలి.

పినియన్ ఎంత లోతుకి దిగాలో షిమ్ములనే పల్చటి రేకుల మందం నిర్ణయిస్తుంది. అది సరిపోయిందో లేదో పళ్లే చెబుతాయి. క్రౌన్ పళ్లకి పసుపు రంగు పల్చగా పూసి, చేత్తో రెండువైపులా తిప్పి, పడ్డ అచ్చు చూడాలి. అచ్చు పన్ను కొన మీద పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, దగ్గరికి జరపాలి. పన్ను మొదట్లో పడితే మరీ లోపలికి వెళ్లినట్టు. నడిమధ్య పడేదాకా విప్పి బిగించడమే. రెండు గేర్ల మధ్య ఆడే సందు, అంటే బ్యాక్‌లాష్, చాలా కార్లలో 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కంటితో అది తేలదు, డయల్ గేజ్ కావాలి. మీ బండికి ఎంతో సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, ఆ అంకే ప్రమాణం.

ఇక బిగింపు. పినియన్‌ని పట్టి ఉంచేవి టేపర్ రోలర్ బేరింగులు. 1898లో వీటికి పేటెంటు తీసుకున్న హెన్రీ టిమ్‌కెన్ గుర్రపు బళ్లు చేసేవాడు. పైనుంచి పడే బరువుతో పాటు మలుపులో పక్కకి తోసే బలాన్ని కూడా బేరింగు తట్టుకోవాలని వాటి రోలర్లని ఏటవాలుగా పెట్టారు. వీటిని కొంచెం ముందుగానే ఒత్తిడిలో బిగించాలి. చాలా బళ్లలో ఇందుకోసం నలిగే స్లీవు ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది కుదించుకుపోతుంది. హద్దు దాటి బిగిస్తే నట్టు వెనక్కి తిప్పి సరిచేయలేం, కొత్త స్లీవు వేయాల్సిందే. అందుకని కొద్దికొద్దిగా బిగిస్తూ, పినియన్ చివరి ఫ్లాంజికి తాడు చుట్టి, ఎంత బలానికి తిరుగుతోందో స్ప్రింగు కాటాతో లాగుతూ కొలవాలి. బేరింగు మరీ బిగుసుకుంటే వేడెక్కి పట్టేస్తుంది, వదులుగా ఉంటే మళ్లీ పాత కూతే.

డయల్ గేజ్, ప్రెస్, మాన్యువల్ లేకుండా ఈ పనిలో దిగొద్దు. యాక్సిల్ మీరే దించి, క్రౌన్ పినియన్ ఉండే డిఫరెన్షియల్ని మాత్రం తెలిసిన మేస్త్రీ దగ్గరికో, విజయవాడ ఆటోనగర్‌కో తీసుకెళ్తే సగం కూలి మిగులుతుంది. దగ్గరుండి రంగు అచ్చు చూపించమని అడగండి. పని తెలిసిన మేస్త్రీ సంతోషంగా చూపిస్తాడు.

తిరిగి బిగించాక ఏం పోయాలి?

ఈ పళ్లు దొర్లుతూనే ఒకదాని మీద ఒకటి జారుతాయి కూడా. ఆ రాపిడిని ఇంజను ఆయిలు తట్టుకోలేదు. మాన్యువల్ చెప్పిన గ్రేడు గేరు ఆయిలు, ఎక్కువగా జీఎల్-5 రకం, ఫిల్లర్ రంధ్రం అంచుదాకా పోయండి. మొదటి రోజు పది, పదిహేను కిలోమీటర్లు బరువు లేకుండా నడిపి, ఆపి, హౌసింగ్ ముందు భాగానికి జాగ్రత్తగా చెయ్యి ఆనించండి. వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత కాలితే చల్లారనిచ్చి, బిగింపు మళ్లీ చూపించాలి. కొత్త గేర్ల నుంచి రాలే ఇనప రజను కోసం మొదటి వెయ్యి కిలోమీటర్లలోపే ఆయిలు ఒకసారి మార్చండి.