ఉస్మానియాకు దక్కని సైన్స్ సంబరం

2017 చలికాలంలో హైదరాబాద్‌కు ఊపిరి సలపలేదు. నవంబరు 28న మెట్రో రైలు మొదలైంది. అదే రోజు ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వచ్చారు. డిసెంబరు 15 నుంచి అయిదు రోజులు ఎల్బీ స్టేడియంలో ప్రపంచ తెలుగు మహాసభలు. ఇన్ని చేసిన ఊరికి 105వ భారత సైన్స్ కాంగ్రెస్ మాత్రం దక్కలేదు. 2018 జనవరి 3న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రధాని చేతుల మీదుగా మొదలుకావలసిన సభ అది. రెండు వారాలే గడువుండగా, క్యాంపస్‌లో పరిస్థితులు బాగాలేవంటూ వర్సిటీ చేతులెత్తేసింది.

రాయలసీమలో లింగాల, పులివెందుల వైపు సైన్స్ కాంగ్రెస్ అంటే పిల్లలు చార్టులు చంకన పెట్టుకుని వెళ్లే బాలల సైన్స్ కాంగ్రెస్సే గుర్తొస్తుంది. పెద్దల కాంగ్రెస్‌ది మరో లెక్క. 1914లో కలకత్తాలో మొదలైన ఈ సభ ఏటా ఒక ఊరికి వెళ్లేది. సీమకూ వచ్చింది: 1983లో ఒకసారి, 2017 జనవరిలో మరోసారి, రెండుసార్లూ తిరుపతిలోనే. తిరుపతి నుంచి హైదరాబాద్ అందుకోవలసిన పగ్గం మధ్యలో తెగింది.

ఎందుకు తెగిందన్నదే అసలు కథ. తెలంగాణ ఉద్యమానికి గుండెకాయ ఉస్మానియా. రాష్ట్రం వచ్చాక అదే విద్యార్థులు ఉద్యోగాలేవని అడగడం మొదలుపెట్టారు. 2017 ఏప్రిల్‌లో వర్సిటీ శతాబ్ది ఉత్సవాల వేదికపై ముఖ్యమంత్రి ప్రసంగించనే లేదు. డిసెంబరు మొదటివారంలో హాస్టల్లో ఒక విద్యార్థి ప్రాణాలు తీసుకున్నాక క్యాంపస్ అట్టుడికింది. అలాంటి చోటికి ప్రధానిని పిలవడమెలాగన్నది పాలకుల బెంగ. ఆ పిల్లలు సైన్స్ వద్దనలేదు. నోటిఫికేషన్లు అడిగారు. వాళ్లతో కూర్చుని మాట్లాడటం కంటే సభ వదులుకోవడమే తేలికనిపించిందంటే, ఆ భయం ఎవరిదో చెప్పనక్కరలేదు.

సభ ఏ ఊరికి వెళ్లాలో తేల్చడంలో, సైన్స్ ఫిక్షన్ అభిమానుల ప్రపంచ సమ్మేళనం వరల్డ్‌కాన్ తీరు వేరు. అక్కడ ఆతిథ్యమిచ్చే ఊరిని డబ్బు కట్టిన సభ్యులే ఓట్లేసి ఎన్నుకుంటారు. 2023 సభ కోసం చైనా నగరం చెంగ్డూకు 2,006 ఓట్లు పడ్డాయి, కెనడాలోని విన్నిపెగ్‌కు 807. చాలా ఓట్లకు సరైన చిరునామాలు లేవని పెద్ద రగడే నడిచింది. అయితేనేం, ఎంత తేడాతో ఓడిందో విన్నిపెగ్‌కు తెలుసు. పైగా అదే ఏడాది జులైలో ఉత్తర అమెరికా సమ్మేళనాన్ని తన దగ్గరే జరుపుకుంది. ఉస్మానియాను ఓడించిన ప్రత్యర్థి ఎవరూ లేరు. లెక్కపెట్టడానికి ఓట్లూ లేవు.

ఉస్మానియా వదులుకున్న సైన్స్ కాంగ్రెస్ ఇంఫాల్ వెళ్లింది. 2018 మార్చి 16 నుంచి 20 వరకు మణిపూర్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అందనివారికి సైన్స్‌ను అందించడం ఆ ఏటి ప్రధానాంశం. తమాషా ఏమిటంటే, మే నెలాఖరుకల్లా ఆ వర్సిటీ విద్యార్థులూ వైస్ ఛాన్సలర్‌పై ఆందోళనకు దిగారు.

ఇక కల్పన సంగతి. ఇంఫాల్ సభలోనే కేంద్ర మంత్రి హర్షవర్ధన్, ఐన్‌స్టీన్ సూత్రాన్ని మించిన సిద్ధాంతం వేదాల్లో ఉండవచ్చని స్టీఫెన్ హాకింగ్ అన్నారని చెప్పారు. అందుకు ఆధారం దొరకలేదు. మరుసటి ఏడాది జలంధర్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలన్నారు, రావణుడికి 24 రకాల విమానాలున్నాయన్నారు. వరల్డ్‌కాన్ మనకు రాలేదని బాధపడేవాళ్లు ఈ సభలకు వెళ్తే సరిపోయేది! కాకపోతే వరల్డ్‌కాన్‌లో కథను కథనే చెప్పి అమ్ముతారు.

కేంద్ర సైన్స్ శాఖకూ నిర్వాహక సంఘానికీ నిధుల దగ్గర చెడటంతో 2024 జనవరిలో జరగవలసిన 109వ సభ అసలు జరగనే లేదు. అప్పుడు కూడా, ఒప్పుకున్న వర్సిటీ చివర్లో మావల్ల కాదంది.