వైద్యుని నాడి చూసేదెవరు?

పార్లమెంటు సభ్యుని సిఫార్సు ఉత్తరం చేతబట్టుకొని ఢిల్లీలోని పెద్దాసుపత్రులకు చేరే తెలుగు రోగులు కొత్త కాదు. ఉత్తరం ఎవరిదైనా, అర్ధరాత్రి అత్యవసర విభాగంలో వారి నాడి చూసేది రెసిడెంట్ డాక్టరే. రాత్రి తెల్లవార్లూ పనిచేసి, మరునాడు కూడా వార్డులోనే ఉండే ఆ యువ వైద్యుల నాడి ఎవరు చూడాలన్న ప్రశ్న 2021 డిసెంబరులో రాజధాని వీధుల కెక్కింది.

దానిని కేవలం కౌన్సెలింగ్ తగాదాగా భావించడం పొరపాటు. ఆ ఏడాది జనవరిలో జరగవలసిన పీజీ ప్రవేశ పరీక్ష వాయిదాలు పడి సెప్టెంబరు 11న జరిగింది. ఆర్థికంగా బలహీన వర్గాల రిజర్వేషన్లకు విధించిన 8 లక్షల ఆదాయ పరిమితిపై వివాదం సుప్రీంకోర్టులో ఉండడంతో కౌన్సెలింగ్ నిలిచిపోయింది. పీజీ కోర్సు మూడేళ్లది. అంటే, వార్డు భారం మోసే మూడు తరగతులలో ఒకటి అసలు రానేలేదు. రోగులు తగ్గలేదు, చేతులు తగ్గాయి. డిసెంబరు 27న మౌలానా ఆజాద్ వైద్య కళాశాల నుంచి సుప్రీంకోర్టుకు బయలుదేరిన వైద్యులను పోలీసులు అడ్డగించి నిర్బంధించారు. 31న సమ్మె ముగిసింది. జనవరి 7న కోర్టు అనుమతించాకే కౌన్సెలింగ్‌కు దారి ఏర్పడింది.

ఐరోపా పరిశోధకులు 2001లో ప్రతిపాదించిన ఒక సిద్ధాంతం ఇక్కడ స్మరణీయం. ఉద్యోగం మనిషి నుంచి కోరేదాన్నీ, మనిషికి సమకూర్చే తోడునూ, పనిపై అతనికిచ్చే స్వాధీనాన్నీ పక్కపక్కన పెట్టి తూచాలంటుందది. భారం మితిమీరితే మనిషి అలసిపోతాడు. వనరులు కొరవడితే పనిపైనే విముఖుడవుతాడు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదనడానికి వీలులేదు. జూనియర్ రెసిడెంట్లు సాధారణంగా వారానికి 48 గంటలు పనిచేయాలనీ, ఏకబిగిన 12 గంటలు మించరాదనీ 1992 నాటి రెసిడెన్సీ పథకం చెప్పింది. కాని పనిభారాన్ని బట్టి, వైద్యుల లభ్యతను బట్టి సూపరింటెండెంటు వేళలు మార్చవచ్చునన్న షరతు కూడా అందులోనే ఉన్నది. వైద్యులు చాలనప్పుడే కదా పరిమితి అవసరం! అప్పుడే వర్తించని పరిమితి ఎవరికోసం?

జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు సముచితమైన పనిగంటలన్నాయే గాని, సంఖ్య చెప్పలేదు. 2024లో ఆ కమిషన్ నియమించిన కార్యదళం వారానికి 74 గంటలు మించవద్దన్నది. ముప్పై రెండేళ్లలో 48 కాస్తా 74 అయిందన్నమాట!

ధ్యాన శిబిరాలు మంచివే. కాని అలసిన వైద్యునికి కావలసింది రాత్రి విధులలో మరొక వైద్యుడు. సిఫార్సు ఉత్తరాలు ఉదారంగా ఇచ్చే మన సభ్యులు, ప్రశ్నోత్తరాల సమయంలో ఈ విషయమై ఒక్క ప్రశ్న వేసినా వారి ఉత్తరాలకు మరింత విలువ చేకూరుతుంది.