క్రిస్మస్ బిస్కట్టులో మన మిరియం, మన చోడిపిండి

డిసెంబరు నెల వచ్చింది. తెల్లారి లేచి కుళాయి కాడ మొహం కడుక్కోవాలంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మన స్కూలుకి క్రిస్మస్‌కి ఒక్క రోజే సెలవు. కొండ మీద ఊళ్ళకి వెళ్ళి రావాలంటే ఒక్క రోజు ఏ మూలకి? అందుచేత మనలో క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది పండగనాడు కూడా హాస్టల్లోనే ఉండిపోతారు. సంక్రాంతికి అందరం ఇంటికి పోతాం కాబట్టి ఆ బాధ మిగతావాళ్ళకి తెలియదు. ఆ రోజు మనమందరం కలిసి ఒక పిండివంట చేసి వాళ్ళతో కూర్చుని తింటే ఎలాగుంటుంది అన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం. ఆ పిండివంట పేరు క్రిస్మస్ బిస్కట్టు. దీన్నే కుకీ అని కూడా అంటారు.

"బిస్కట్టు కొట్లో కొనుక్కునేది గాని వండుకునేదేటి?" అని కొంతమంది నవ్వుతారు. అది నిజం కాదు. ఫ్యాక్టరీలు రాకముందు కొన్ని వందల ఏళ్ళ పాటు బిస్కట్టు ఇళ్ళల్లోనూ, మఠాల్లోనూ, వీధి బట్టీల్లోనూ తయారయ్యేది. లాటిన్ భాషలో 'రెండుసార్లు కాల్చినది' అనే మాట నుంచి బిస్కట్టు అన్న పేరు వచ్చింది. ఓడల మీద నెలల తరబడి ప్రయాణం చేసేవారి కొరకు రొట్టెను కాల్చి, మళ్ళీ ఎండబెట్టి గట్టిగా చేసేవారు. కుకీ అనేది డచ్చి మాట. 'చిన్న కేకు' అని దాని అర్థం.

యూరపులో డిసెంబరంటే మంచు. పొలం పని ఉండదు. పొయ్యి ఎలాగూ రోజంతా మండాలి. కోతలైపోయి ఇంట్లో పిండి ఉంటుంది. అందుకే అక్కడ పండగ వంటలన్నీ పొయ్యిలో కాల్చేవే. జర్మనీలో నవంబరు చివర నుంచే ఇళ్ళల్లో ఆడవాళ్ళు, పిల్లలు కూర్చుని నక్షత్రాలు, చంద్రవంకలు, గుండె ఆకారాల్లో బిస్కట్లు కోసి డబ్బాలకెత్తుతారు. దాల్చినచెక్క నక్షత్రాలని ఒక రకం, ఆస్ట్రియా వాళ్ళ వెనీలా చంద్రవంకలని ఒక రకం. హాలెండులో డిసెంబరు 5న సెయింట్ నికొలాస్ పండగకి చెక్క అచ్చుల్లో బొమ్మలు దిద్దిన బిస్కట్టు చేస్తారు. స్వీడనులో పల్చటి అల్లం బిస్కట్టు చేస్తారు. దాని పేరుకి అర్థం 'మిరియం కేకు'. జర్మనీలో కూడా పాతకాలంలో ఇలాంటివాటిని మిరియం కేకు అనేవారు. ఆ రోజుల్లో దూరదేశం నుంచి వచ్చిన ఏ సుగంధ ద్రవ్యాన్నయినా మిరియం అనే అనేసేవారట. ఇప్పుడు చాలావాటిలో మిరియం వెయ్యరు, పేరు మాత్రం ఉండిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఆ మిరియం వాళ్ళ దేశంలో పండదు. మంచు దేశంలో ఆ తీగ బతకదు. అది మన దేశం నుంచి, ముఖ్యంగా కేరళ తీరం నుంచి పోయింది. లవంగాలు ఇండోనేషియా దీవుల నుంచి, దాల్చినచెక్క సింహళం నుంచి పోయాయి. ఎడారులు, సముద్రాలు దాటి చేతులు మారి మారి చేరేసరికి వాటి ధర ఆకాశంలో ఉండేది. అందుకే ఏడాదికొక్కసారి పండక్కి మాత్రమే వాడేవారు. 1498లో వాస్కోడగామా కోజికోడు వచ్చింది ఆ మిరియం కోసమే అని సాంఘికశాస్త్రంలో చదువుకున్నాం. మన పాడేరు, అరకు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియం తీగలు మీరు రోజూ చూస్తున్నవే. అల్లం, పసుపు మన వాళ్ళే పండించి కావిళ్ళతో సంతకి దించుతారు. అంటే క్రిస్మస్ బిస్కట్టులో పరాయిదేశం వాళ్ళు అంత అపురూపంగా దాచుకుని వాడిన సరుకు మనకి పెరట్లో సరుకు. మనమేమో దాన్ని సంతలో అమ్మేసి, ఆ డబ్బుల్తో మైదా బిస్కట్టు ప్యాకెట్టు కొనుక్కుని వస్తాం. ఈ బేరం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

జర్మనీలో న్యూరెంబర్గ్ అని ఒక పట్నం ఉంది. అక్కడి క్రిస్మస్ బిస్కట్టు పేరు లేబ్‌కూహెన్. ప్రపంచమంతా దానికి పేరుంది. న్యూరెంబర్గ్ లేబ్‌కూహెన్ అన్న పేరుతో ఇంకెక్కడా తయారుచేసి అమ్మకూడదని 1996లో యూరపులో చట్టరక్షణ కూడా వచ్చింది. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అలాంటిదే. అయితే ఆ ఊరికే ఆ పేరు ఎందుకొచ్చింది? ఒకటి, సుగంధ ద్రవ్యాల వర్తకులు ఆ దారినే పోయేవారు. రెండోది, ఊరి చుట్టూ పెద్ద అడవి ఉండేది. అడవి నిండా తేనె. పంచదార దొరకని కాలంలో తీపికి తేనే ఆధారం. చెట్ల తొర్రల్లోని తేనె తీసేవాళ్ళు అక్కడ ఒక ప్రత్యేకమైన జట్టుగా ఉండేవారు. 14వ శతాబ్దంలో చక్రవర్తి నాలుగవ చార్లెస్ వాళ్ళకి హక్కులు రాసిచ్చాడు. మనకి 2006 అటవీ హక్కుల చట్టంలో తేనె లాంటి చిన్న అటవీ ఫలసాయం మీద హక్కు రాశారు. వాళ్ళకి అది 600 ఏళ్ళ కిందటే జరిగింది! తేనెపట్టు తీసేవాళ్ళ పిల్లలు మన క్లాసులోనే ఉన్నారు. ఇక మీదట వాళ్ళని ఎవరూ వెక్కిరించకండి. ఆ బిస్కట్టుకి మూలపురుషులు వాళ్ళ లాంటివాళ్ళే.

అమెరికాలో 1796లో అమీలియా సిమన్స్ అనే ఆవిడ ఒక వంటల పుస్తకం అచ్చువేయించింది. అమెరికాలో అమెరికా మనిషి రాసిన మొట్టమొదటి వంటల పుస్తకంగా దాన్ని చెప్తారు. అందులో క్రిస్మస్ కుకీ ఉంది. పుస్తకం అట్ట లోపలి పేజీలో ఆవిడ తన పేరు పక్కన తాను అనాథనని రాసుకుంది. అమ్మానాన్న లేని పిల్ల ఒక దేశానికి వంట నేర్పింది. ఆవిడ చెప్పిన కుకీలో ఏముందో తెలుసా? ధనియాల పొడి! పిండిలో ధనియాల పొడి, వెన్న, పంచదార కలిపి, పొంగడానికి 'పెర్లాష్' అనే దాన్ని పాలలో కరిగించి పొయ్యమంది. పెర్లాష్ అంటే కట్టెల బూడిద నుంచి తీసి శుద్ధి చేసిన క్షారం, పొటాషియం కార్బొనేటు. మన ఇళ్ళల్లో గిన్నెలు తోమే బూడిదలో ఉండేది కూడా అదే. (అలాగని పొయ్యిలో బూడిద తీసి పిండిలో కలిపెయ్యకండి, మనకి వంటసోడా ఉంది.) గట్టిగా ఉన్నా మట్టికుండలో పెట్టి చెమ్మగా ఉన్న గదిలో ఉంచితే ఆరు నెలలకి మెత్తబడి ఇంకా బాగుంటుందని కూడా ఆవిడ రాసింది. మన హాస్టల్లో ఆరు నెలలు కాదు, ఆరు గంటలు నిలవవు.

మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో క్రిస్మస్‌కి గులాబీపువ్వులు, కజ్జికాయలు, అరిసెలు వండుతారు. గులాబీపువ్వులు ఇనప అచ్చుని కాగిన నూనెలో వేడిచేసి, పిండిలో ముంచి మళ్ళీ నూనెలో పెట్టి దించేవి. రుచి గొప్పదే గాని, ఇంతమంది పిల్లలు మూగిన చోట మరిగే నూనె పెట్టడం మంచిది కాదు. బిస్కట్టుకి ఆ భయం తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. ఓవెన్ లేదు కదా? ఓవెన్ అంటే ఏటి? నాలుగు వైపులా సమానంగా వేడిగాలి ఉండే మూసిన పెట్టె. అంతే. బిస్కట్టు కాలడానికి సుమారు 170 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. నీళ్ళు 100 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతాయి కాబట్టి ఉడకబెడితే బిస్కట్టు కాదు, ఇడ్లీ అవుతుంది. పొడి ఇసుకకి ఆ ఇబ్బంది లేదు. వేడిని పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది.

మందపాటి పాత గుండిగ ఒకటి తీసుకోవాలి. గెడ్డలోంచి తెచ్చిన ఇసుకని జల్లించి, కడిగి, రెండు రోజులు బాగా ఎండబెట్టి అడుగున రెండు వేళ్ళ మందాన పొయ్యాలి. దాని మీద మూడు ఎండు ఇటిక ముక్కలు. గెడ్డలో రాళ్ళు మాత్రం పెట్టొద్దు. వాటి లోపల చెమ్మ ఉంటే అది ఆవిరై రాయి పేలొచ్చు. గుండిగ మీద అంచులున్న ఇనప మూత పెట్టి, కింద కట్టెల మంట, మూత మీద కొన్ని నిప్పులు వెయ్యాలి. కింద మంట ఒక్కటే అయితే అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. అందుకే పైన నిప్పులు. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కాగాక ఒక చెంచా గోధుమపిండిని చిన్న పళ్ళెంలో పల్చగా జల్లి లోపల పెట్టి మూత వెయ్యండి. 5 నిమిషాలకి లేత గోధుమరంగు వస్తే వేడి సరిపోయినట్టు. తెల్లగానే ఉంటే ఇంకా కాగాలి. నల్లబడితే రెండు కట్టెలు వెనక్కి లాగండి. థర్మామీటరు లేని రోజుల్లో యూరపులో ఆడవాళ్ళు ఇలాగే చూసుకునేవారు.

పిండి సంగతి. చోడిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 150 గ్రాములు. అంతా చోడిపిండే ఎందుకు వెయ్యకూడదంటే, చోళ్ళలో గ్లూటెన్ అనే జిగురు ఉండదు. బిస్కట్టు చేత్తో తియ్యగానే పొడిపొడిగా రాలిపోతుంది. గోధుమలో ఆ జిగురు ఉంది గాని, అది ఎక్కువైతే బిస్కట్టు రబ్బరులా సాగుతుంది. అందుచేత రెండూ కలిపితే సరిపోతుంది. చోడిపిండిని ముందు పొడిమూకుట్లో పచ్చివాసన పోయేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చాలి. వేడిగా ఉండగా కలిపితే నెయ్యి కరిగి పిండి జారిపోతుంది.

బెల్లం 125 గ్రాములు సన్నగా తురమాలి. గడ్డలుంటే కాలేటప్పుడు అక్కడక్కడ కరిగి కంతలు పడతాయి. పేరిన నెయ్యి 110 గ్రాములు. నెయ్యి, బెల్లం కలిపి తెల్లబడేదాకా చేత్తో బాగా రుద్దాలి. ఇది ఓపిక పని. దీనివల్ల లోపలికి గాలి చేరి బిస్కట్టు గుల్లగా వస్తుంది. అందులో ఒక చెంచా శొంఠిపొడి, పావు చెంచా మిరియాలపొడి, చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు యాలకులు దంచిన పొడి, చిటికెడు ఉప్పు వెయ్యాలి. పావు చెంచా వంటసోడాని పిండిలోనే కలిపి జల్లించాలి. సోడాకి పులుపు తగిలినా, వేడి తగిలినా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. బెల్లంలో కొంచెం పులుపు గుణం ఉంది. ఆ వాయువే బిస్కట్టుని పొంగిస్తుంది. సోడా ఎక్కువేస్తే ఎక్కువ పొంగుతుందనుకోకండి, సబ్బు రుచి వస్తుంది.

రెండు మూడు చెంచాల పాలు చిలకరించి ముద్ద చెయ్యండి. చపాతీ పిండిలా పిసకొద్దు. పిసికేకొద్దీ జిగురు సాగి గట్టి బిస్కట్టు అవుతుంది. ముద్ద చేరితే చాలు. ఉసిరికాయంత ఉండలు చేసి అరచేతిలో అద్దండి. సుమారు 30 వస్తాయి. నక్షత్రం కావాలంటే అట్టముక్కని నక్షత్రంలా కత్తిరించి, అప్పడంలా ఒత్తిన పిండి మీద పెట్టి చుట్టూ చాకుతో కొయ్యాలి. నెయ్యి రాసిన పళ్ళెంలో వేలెడు ఎడంగా పేర్చాలి, ఎందుకంటే అవి పరుచుకుంటాయి. పావుగంట కాలనివ్వండి. మాటిమాటికీ మూత తియ్యొద్దు, వేడంతా పోతుంది. వాసన బయటికి కొట్టిందంటే దగ్గర పడినట్టే. ఆ వాసన, ఆ రంగు పిండిలోని మాంసకృత్తులు, చక్కెరలు వేడికి కలవడం వల్ల వస్తాయి. 1912లో మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. చోడిపిండి మామూలుగానే ఎర్రగా ఉంటుంది కాబట్టి రంగు చూసి మోసపోకండి, అంచులు చూడండి. తీసిన వెంటనే మెత్తగా ఉంటుంది. కాలలేదని మళ్ళీ లోపల పెడితే మాడిపోతుంది. చల్లారితే అదే గట్టిపడుతుంది.

వార్డెన్ సారుకి, వంటమ్మలకి లెక్క కూడా రాస్తున్నాను. 120 మందికి తలా రెండు అనుకుంటే 240 కావాలి. అంటే పై కొలతకి 8 రెట్లు. చోడిపిండి 800 గ్రాములు, గోధుమపిండి 1 కిలో 200 గ్రాములు, బెల్లం 1 కిలో, నెయ్యి 880 గ్రాములు. చోడిపిండి, శొంఠి, మిరియాలు ఇంటి నుంచి తలా కొంచెం తెస్తామని చాలామంది ఇప్పటికే ఒప్పుకున్నారు. మనం అడిగేది బెల్లం, నెయ్యి, గోధుమపిండి, రెండు పాత గుండిగలు, కట్టెలు మాత్రమే. ఒక గుండిగలో విడతకి 10 చొప్పున గంటకి 40 కాల్తాయి. రెండు గుండిగలకి మూడు గంటల పని. 24 సాయంత్రం స్టడీ అవర్ ముందు ముగించవచ్చు. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. చిన్న క్లాసులవాళ్ళు ఉండలు చుట్టడం వరకే. మూత మీద నిప్పులుంటాయి కాబట్టి పొడుగు పట్టకారతోనే తియ్యాలి, లంగాలు ఓణీలు చెక్కుకోవాలి, పక్కన బకెట్టుతో నీళ్ళు పెట్టుకోవాలి. కిరసనాయిలు పొయ్యొద్దు, ఆ వాసన బిస్కట్టుకి పట్టేస్తుంది.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించండి. మన కొండల్లో పొగమంచుకి రాత్రి బయట వదిలేస్తే తెల్లారేసరికి మెత్తబడిపోతాయి. ఒకవేళ మెత్తబడితే కాగిన గుండిగలో అయిదు నిమిషాలు మళ్ళీ పెట్టండి, కరకరలాడతాయి. ఇసుక మాత్రం పారెయ్యకండి. జనవరిలో వేరుశనక్కాయలు వేయించుకోడానికి పనికొస్తుంది.