అంతా కాలాకే వచ్చే బండి: ఒక అపోహ, దాని ఖరీదు

పలాస, టెక్కలి ప్రాంతాల్లోనూ ఉద్దానం తీర మండలాల్లోనూ అగ్నిమాపక శాఖ గురించి చలామణిలో ఉన్న నమ్మకాల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది, ఫైరింజన్ ఎప్పుడు వచ్చినా అంతా కాలి బూడిదయ్యాకే వస్తుంది గనుక దానికి ఫోన్ చేయడం దండగ అనేది. ఇది రచ్చబండ మీద విసురుగా మిగిలిపోయి ఉంటే పట్టించుకోవలసిన పనే లేదు. కాని ఈ మాటను నమ్మినవారు మంట కనబడగానే 101కి గాని 112కి గాని ఫోన్ చేయరు; ముందు బిందెలతో నీళ్లు చల్లుతారు, తర్వాత బంధువులను పిలుస్తారు, ఆ తర్వాత సర్పంచికి చెబుతారు, ఈలోగా ఎవరో ఒకరు వీడియో తీసి వాట్సాప్ గ్రూపుకు పంపే పుణ్యం కూడా కట్టుకుంటారు, చివరకు పైకప్పు కూలిన తర్వాత అగ్నిమాపక కేంద్రం గుర్తుకు వస్తుంది. అప్పుడు బయలుదేరిన వాహనం బూడిద దగ్గరికి కాక మరెక్కడికి చేరుతుంది? ఆ దృశ్యాన్ని చూసినవారు తమ నమ్మకమే నిజమైందని తృప్తిపడి, తర్వాతి ప్రమాదంలో ఇంకా ఆలస్యంగా ఫోన్ చేస్తారు. ఈ విధంగా అపోహ తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకుంటుంది.

మంట రాజుకున్న క్షణం నుంచి దానిపై నీరు పడే క్షణం వరకు గడిచే కాలాన్ని కొన్ని భాగాలుగా విడదీసి చూస్తే తప్పు ఎక్కడ ఉందో తెలుస్తుంది. మంటను ఎవరో ఒకరు గమనించడానికి పట్టేది మొదటి భాగం, గమనించినవారు ఫోన్ చేయడానికి తీసుకునేది రెండవది, సిబ్బంది వాహనం ఎక్కి కేంద్రం దాటడానికి పట్టేది మూడవది, ప్రయాణం నాలుగవది, గొట్టాలు పరచి పంపు నడిపించడం ఐదవది. చివరి మూడు మాత్రమే శాఖ చేతిలో ఉన్నాయి. రెండవ భాగం పూర్తిగా గ్రామస్థుల చేతిలో ఉంది, పైసా ఖర్చు లేకుండా దాదాపు సున్నాకు తగ్గించగలిగినదీ అదొక్కటే. అయినా ఆలస్యం లెక్క కట్టేటప్పుడు మంట పుట్టిన నిమిషం నుంచి లెక్కించి, నిందను మాత్రం మొత్తంగా వాహనం డ్రైవరు మీద వేయడం ఆనవాయితీగా మారింది. వచ్చిన సిబ్బందిని చుట్టుముట్టి వాదనకు దిగడం వల్ల గొట్టం పరచడానికి పట్టే కాలం పెరుగుతుందన్న సంగతి ఆ ఆవేశంలో ఎవరికీ తోచదు.

దూరాల సంగతి కూడా చూడవలసి ఉంది. ఈ ప్రాంతానికి పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురంలోని అగ్నిమాపక కేంద్రాలు ఆధారం. అవి 16వ నంబరు జాతీయ రహదారి వెంబడి, లేదా దానికి చేరువలో ఉండగా, తాటాకు ఇళ్లు, కొబ్బరి మట్టల దడులు ఎక్కువగా కనిపించే మత్స్యకార పల్లెలు సముద్రపు ఒడ్డున ఉన్నాయి. పలాస నుంచి వజ్రపుకొత్తూరు తీరం వైపు వెళ్లే వాహనం రైలు మార్గం దాటవలసిన చోట గేటు పడితే ఆగాలి, తోటల మధ్య ఇరుకు దారుల్లో వేగం తగ్గించాలి. నీటితో నిండిన బరువైన వాహనం అటువంటి దారిలో గంటకు సగటున 40 కిలోమీటర్లు నడిచిందనుకున్నా 15 కిలోమీటర్ల దూరానికి 22 నిమిషాలకు పైగా పడుతుంది. దేశంలో అగ్నిమాపక ప్రమాణాలను సూచించే స్థాయీ అగ్నిమాపక సలహా సంఘం గ్రామీణ ప్రాంతాలకు పెట్టిన లక్ష్యం 20 నిమిషాలు. అంటే ఒక్క నిమిషం కూడా జారకపోయినా ఉద్దానం అంచు పల్లెలకు లక్ష్యం అందీ అందనట్టే ఉంటుంది.

ఇక్కడ అపోహకు ఒక మేరకు తల వంచక తప్పదు. ఎండిన తాటాకు ఇల్లు 20 నిమిషాలు ఆగదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో పాఠశాల వంటపాక నుంచి పూరి కప్పుకు పాకిన మంట 94 మంది పిల్లల ప్రాణాలు తీయడం ఆ వేగానికి మరువరాని రుజువు. కాబట్టి మొదట అంటుకున్న పూరింటిని పలాస నుంచి బయలుదేరిన ఫైరింజన్ కాపాడలేదన్న మాట చాలా సందర్భాల్లో నిజమే, కేంద్రాల సంఖ్య పెంచాలన్న డిమాండు న్యాయమైనదే. అయితే ఆ నిజం నుంచి ఫోన్ దండగ అన్న నిర్ణయానికి దూకడం తర్కం కాదు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక నిప్పురవ్వలు ఒక కప్పు నుంచి మరో కప్పుకు ఎగురుతాయి. ఒక ఇంటితో మొదలైన మంట వరుసలో పదో ఇంటిదాకా పోతుందా, మూడో ఇంటి దగ్గరే నిలుస్తుందా అన్నది తేలేది ఆ ఇరవై, ముప్పై నిమిషాల్లోనే. అందువల్లనే శిక్షణ పొందిన సిబ్బంది చాలాసార్లు కాలుతున్న ఇంటిని వదిలి దాని పక్క ఇళ్ల కప్పులను తడుపుతారు. దీనిని పరిసర రక్షణ అంటారు. చూసేవారికి ఇది చేతకానితనంగా కనబడి కేకలకు కారణమవుతుంది గాని, పోయినదాని మీద నీళ్లు పోసి ఉన్నదాన్ని పోగొట్టుకోవడం కన్నా అదే వివేకం.

ఈ అపోహకు తోకలాంటిది, బండిలో నీళ్లు లేకుండానే వచ్చారన్న ఆరోపణ. సాధారణ అగ్నిమాపక వాహనం ట్యాంకులో పట్టేది సుమారు 4,500 లీటర్లు. ఒక గొట్టం నుంచి నిమిషానికి 450 లీటర్లు వదిలితే పది నిమిషాలకు, రెండు గొట్టాలు నడిపితే అయిదు నిమిషాలకు ట్యాంకు ఖాళీ అవుతుంది. ఆ తర్వాత పంపు చెరువు నుంచో బావి నుంచో నీటిని పీల్చుకోవాలి, లేదా ట్యాంకర్లు అందించాలి. వాహనం రాకముందే ఎవరి తోటలో మోటారు బోరు ఉందో, ఏ గట్టు మీదకు బరువైన బండి దిగబడకుండా వెళ్లగలదో తేల్చి, ఒక మనిషిని రోడ్డు మొగలో దారి చూపడానికి నిలబెట్టిన ఊరికి ఈ ఆరోపణ చేసే అవసరం రాదు. ఉద్దానంలో పుట్టుగలతోనూ పేటలతోనూ ముగిసే ఊళ్లు ఎన్నో ఉన్నందున, ఫోన్‌లో ఊరి పేరుతోపాటు మండలం పేరు చెప్పకపోతే వాహనం ఒక పేటకు బదులు మరో పేటకు వెళ్లినా ఆశ్చర్యం లేదు.

పలాస, కాశీబుగ్గల్లోని జీడి పరిశ్రమల్లో వ్యాపించిన మరో నమ్మకం ఇంతటి విస్తృతి లేనిదైనా ప్రమాదంలో దీనికి తీసిపోదు: పైకి మంట కనబడకపోతే ఆరిపోయినట్టేనన్నది. పప్పు తీసిన తర్వాత మిగిలే జీడి తొక్కలో చర్మాన్ని పొక్కించే, బాగా మండే నూనె ఉంటుంది. ఆ తొక్కలను నూనె తీయడానికి, బాయిలర్లలో వంటచెరకుగా వాడడానికి గుట్టలుగా నిల్వ చేస్తారు. గుట్ట పైభాగాన్ని తడిపితే మంట అణుగుతుంది గాని, లోపల గాలి తక్కువగా అందే చోట నిప్పు జ్వాల లేకుండా కణకణలాడుతూ గంటల తరబడి నిలుస్తుంది. గుట్టను జేసీబీతో విప్పి, పొరపొరకూ తడిపితే తప్ప పని ముగిసినట్టు కాదు. కొబ్బరి పండించే ఈ ప్రాంతంలో కురిడీ నిల్వలకు కూడా ఇటువంటి గుణమే ఉంది: తేమతో గుట్టగా పోసిన ఎండు కొబ్బరి బయటి నిప్పు అవసరం లేకుండా తనంతట తాను వేడెక్కగలదు, అందుకే అంతర్జాతీయ రవాణా నియమాలు దానిని స్వయంగా వేడెక్కే సరుకుల జాబితాలో చేర్చాయి. ఇక మరుగుతున్న జీడి నూనెకు అంటుకున్న మంట మీద నీళ్లు గుమ్మరించడమంటే, నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న నూనెను నలుదిక్కులా ఎగజిమ్మేలా చేయడమే. అక్కడ కావలసినవి నురుగు, పొడి రసాయనం, చిన్న మంటైతే ఉద్దానంలో కొదవలేని పొడి ఇసుక.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాల పుట్టుక కూడా లోపల దాగిన నిప్పుతోనే, ఆలస్యమైన కబురుతోనే ముడిపడి ఉంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలుడు పదార్థాలతోపాటు పత్తి బేళ్లను మోసుకొని నిలిచి ఉండగా, పత్తి లోలోపల రాజుకుంది. పొగను పొరుగు ఓడలవారు ముందే గమనించినా ప్రమాద సంకేతం మాత్రం ఆలస్యంగా వెళ్లింది. సాయంత్రం 4 గంటలు దాటాక సంభవించిన పేలుళ్లలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. వారికి నివాళిగా జరిపే వారంలో బ్యానర్లు కట్టి ఫొటోలు దిగేవారు ఈ ఆలస్యం సంగతి కూడా ఒక మాట చెబితే బాగుండును.

మిగిలిన నమ్మకాలకు ఇంత చోటు అక్కరలేదు. ఆపదలో పిలిచినందుకు ఫైరింజన్‌కు డబ్బు కట్టాలన్నది అబద్ధం. ఫోన్ చేసినవాడి మీదే కేసు పెడతారన్నది కూడా అంతే. పట్టుబడవలసినది వేళాకోళానికి ఫోన్ చేసేవాడు. రెగ్యులేటర్ దగ్గర మంట వచ్చిన గ్యాస్ సిలిండర్ మరుక్షణమే పేలుతుందని పరుగెత్తేవారు, తడి గోనెసంచి కప్పి నాబ్ తిప్పే అవకాశాన్ని చేజేతులా వదులుకుంటున్నారు; మంట లేకుండా గ్యాస్ లీకైతే 1906కు చెప్పాలి, స్విచ్ మాత్రం వేయకూడదు, తీయకూడదు. కాలిన గాయానికి టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయడం వైద్యం కాదు. దానిపై చల్లని నీటిని 20 నిమిషాలు ధారగా పోయడమే తొలి చికిత్స, అంటుకున్న బట్టను లాగకుండా 108ని పిలవడం ఆ తర్వాతి పని.

ఈ శాఖ మంటలకు మాత్రమే పరిమితమన్న భావన ఎలా మిగిలిందో అర్థం కాదు, దాని పేరే రాష్ట్ర విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖ అయి ఉండగా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలులతో పలాస సమీపంలోనే తీరం దాటి, కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు, అంబులెన్సు అయినా ఆహారమైనా కదలడానికి ముందు రోడ్ల మీద పడిన చెట్లను కోసి తీయవలసి వచ్చింది. చెట్లు కోసే మిషన్లతో దారి తెరవడం, వరద నీటిలో చిక్కినవారిని తీసుకురావడం, బావిలో పడిన మనిషినో పశువునో పైకి తీయడం ఈ శాఖ పనిలో భాగమే. బావిలో పడినవారికోసం తాడు పట్టుకొని ఒకరి వెనుక ఒకరు దిగడం కన్నా ఫోన్ చేసి ఆగడం మేలు. పాత బావుల అడుగున ప్రాణవాయువు చాలకపోవచ్చు, అప్పుడు దిగిన ప్రతి మనిషీ మరో బాధితుడే అవుతాడు.

శిక్షణ విషయంలో శాఖ చేస్తున్న ప్రదర్శనలు కళాశాల ఆవరణలోనో బస్టాండు ముందో ఆగిపోతున్నంతకాలం ఫలితం సగమే. ఏప్రిల్ అంటే ఉద్దానంలో జీడి పిక్కలు తోటల నుంచి కళ్లాలకు, గోదాములకు చేరే కాలం; ఆ పరిశ్రమల్లో పనిచేసేవారిలో ఎక్కువమంది మహిళలు, కూలి పోగొట్టుకొని ప్రదర్శన చూడడానికి బస్టాండుకు వచ్చే వెసులుబాటు వారికి లేదు. కాబట్టి యజమానులు, పంచాయతీలు దగ్గరలోని కేంద్రానికి లేఖ రాసి, పని స్థలంలోనే, కూలి కోతపడని వేళలో శిక్షణ అడగాలి. గోడకు వేలాడే చిన్న సిలిండర్ అరనిమిషంలోపే ఖాళీ అవుతుంది. పిన్ను లాగి, మంట నాలుకల మీదకు కాక దాని మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపడం దూరం నుంచి చూసి నేర్చుకునేది కాదు. పనిచేసే ప్రతి మనిషి చేతికీ ఒకసారి అది అందాలి. అదే రోజు గోదాము వెనుక తలుపుకు వేసిన తాళం తీయించి, దాని ముందు పేర్చిన బస్తాలను జరిపించి, గడ్డివాములను ఇళ్ల చూరుల నుంచి దూరంగా వేయించి, వీధి మలుపులో ఫైరింజన్ తిరుగుతుందో లేదో బండిని తెప్పించి తిప్పి చూడాలి.