పరదేశంలో ఒక వేసవి

తరగతి గదిలో కూర్చుని పాఠం వినడం ఒక రకమైన చదువు. పని తెలిసినవారి పక్కన నిలబడి, వారితోపాటు చేస్తూ నేర్చుకోవడం మరొక రకమైన చదువు. కుమ్మరి కొడుకు సారె పక్కన, నేతగాని కూతురు మగ్గం పక్కన నేర్చుకున్నది ఈ రెండవ పద్ధతిలోనే. వైద్యవిద్య చదివినవారు ఆసుపత్రిలో కొంతకాలం పనిచేయాలి. న్యాయశాస్త్రం చదివినవారు పెద్ద న్యాయవాది దగ్గర జూనియరుగా చేరుతారు. విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగు చదివే విద్యార్థులకు కూడా ఇటువంటి అవకాశం ఉంది. సెలవులలో రెండు మూడు నెలలు ఒక ప్రయోగశాలలోనో, కర్మాగారంలోనో చేరి పని నేర్చుకోవడాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. తెలుగులో దీనిని వేసవి శిక్షణ అనవచ్చు.

ఈ శిక్షణ కోసం కొందరు విద్యార్థులు విదేశాలకు వెళ్తారు. అంత దూరం ఎందుకు వెళ్లాలి? వారిని ఎవరు పిలుస్తారు? ఖర్చు ఎవరు భరిస్తారు? డబ్బున్నవారి పిల్లలకే ఇది సాధ్యమా? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియాలంటే ముందుగా ఈ ఏర్పాటు ఎలా మొదలైందో తెలుసుకోవాలి.

1939లో ప్రారంభమైన రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. ఐరోపాలో ఎన్నో నగరాలు, కర్మాగారాలు నేలమట్టమయ్యాయి. వాటిని తిరిగి కట్టడానికి ఇంజనీర్లు కావాలి. అంతకంటె ముఖ్యంగా, ఆరేళ్లపాటు ఒకరినొకరు శత్రువులుగా చూసుకున్న దేశాల యువకులు మళ్లీ కలిసి పనిచేయగలగాలి. ఈ రెండు అవసరాలనూ దృష్టిలో పెట్టుకొని 1948 జనవరిలో లండనులోని ఇంపీరియల్ కళాశాలలో పది ఐరోపా దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. సాంకేతిక అనుభవం కోసం విద్యార్థులను ఇచ్చిపుచ్చుకునే అంతర్జాతీయ సంఘం ఒకటి అక్కడ ఏర్పడింది. దానిని ఐఏఈఎస్‌టీఈ అనే పొడి అక్షరాలతో పిలుస్తారు. జేమ్స్ న్యూబీ అనే ఆయన దాని స్థాపనకు ముఖ్య కారకుడు. కాలక్రమంలో ఇతర ఖండాల దేశాలు కూడా అందులో చేరాయి.

ఆ సంఘం పద్ధతి చాలా సులభమైనది. ప్రతి దేశంలోని సభ్యులు తమ దేశంలోని కర్మాగారాలనూ, ప్రయోగశాలలనూ అడిగి, విదేశీ విద్యార్థుల కోసం కొన్ని స్థానాలు సంపాదిస్తారు. ఆ స్థానాలను ఇతర దేశాలవారితో మార్చుకుంటారు. ఒక దేశం పదిమంది విదేశీ విద్యార్థులకు చోటు చూపగలిగితే, ఆ దేశపు విద్యార్థులు పదిమంది బయటికి వెళ్లగలుగుతారు. చోటు ఇచ్చిన సంస్థ విద్యార్థికి అక్కడ తిండికీ, బసకూ సరిపడే భృతి ఇస్తుంది. రానుపోను ఖర్చులు సాధారణంగా విద్యార్థివే. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ పద్ధతిలో స్థానాన్ని ఎవరూ అమ్మడం లేదు, ఎవరూ కొనడం లేదు. ఇది ఇంటికి ఇంటికి మధ్య జరిగే బదులు వంటిది.

వేసవి శిక్షణకు పేరుపొందిన మరొక చోటు సెర్న్. ఇది జెనీవా నగరం దగ్గర, స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల సరిహద్దు మీద ఉన్న పరిశోధన సంస్థ. యుద్ధం తరువాత ఐరోపా దేశాలు కలిసి 1954లో దీనిని స్థాపించాయి. ఇక్కడ భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల గుండ్రని సొరంగం ఉంది. అందులో ప్రోటాన్లనే సూక్ష్మకణాలను దాదాపు కాంతివేగంతో పరుగెత్తించి, ఒకదానితో ఒకటి ఢీకొనేటట్లు చేస్తారు. పదార్థం దేనితో నిర్మితమైందో తెలుసుకోవడమే ఈ ప్రయోగాల ఉద్దేశం. హిగ్స్ బోసాన్ అనే కణం దొరికిందని 2012 జూలై 4న ప్రకటించింది ఇక్కడే. బోసాన్ అనే మాట మన దేశపు శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోసు పేరు నుంచి వచ్చింది.

ఆ సొరంగంతో మన దేశానికి మరొక సంబంధం కూడా ఉంది. అందులోని బరువైన అయస్కాంతాలు వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకుండా ఉండాలి. వాటిని మోస్తూ, అవసరమైనప్పుడు సరిచేయడానికి వీలు కల్పించే వేలాది జాకీలు భారతదేశంలో తయారైనవే. 2017లో భారతదేశం సెర్న్‌లో సహసభ్య దేశమైంది.

సెర్న్ 1962 నుంచి వేసవి విద్యార్థులను చేర్చుకుంటున్నది. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటరు శాస్త్రం, ఇంజనీరింగు చదివేవారు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైనవారికి భృతి లభిస్తుంది. వేసవిలో కొన్ని వారాలపాటు ఉదయం పూట శాస్త్రవేత్తలు ఉపన్యాసాలిస్తారు. మిగిలిన సమయంలో ప్రతి విద్యార్థీ ఒక పరిశోధక బృందంతో కలిసి పనిచేస్తాడు. చివర తాను చేసిన పని గురించి నివేదిక రాస్తాడు. ఆ ఉపన్యాసాలను సెర్న్ ఇంటర్నెట్టులో కూడా ఉంచుతుంది. అక్కడికి వెళ్లలేనివారు సైతం వాటిని ఉచితంగా వినవచ్చు.

ఇతర దేశాలలో కూడా ఇటువంటి పథకాలు ఉన్నాయి. జర్మనీలో 1925లో ఏర్పడిన విద్యా వినిమయ సంస్థ డాడ్, భారతీయ విద్యార్థుల కోసం వైజ్ అనే వేసవి పథకాన్ని నడుపుతూ వచ్చింది. కెనడాలో మైటాక్స్ అనే సంస్థ గ్లోబలింక్ పేరుతో 12 వారాల శిక్షణ ఏర్పాటు చేసింది. ఇటువంటి పథకాల నిబంధనలు ఏటా మారవచ్చు. కాబట్టి ఆ సంవత్సరపు ప్రకటనను ఆ సంస్థ ద్వారానే చూసి తెలుసుకోవాలి.

కొన్ని పథకాలలో విద్యార్థి ముందుగా ఒక ఆచార్యునికి ఉత్తరం రాసి, ఆయన ఆహ్వానం పొందవలసి ఉంటుంది. ఈ ఉత్తరం రాయడం చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒకే ఉత్తరాన్ని పేరు మాత్రం మార్చి వందమందికి పంపుతారు. చదివిన ఆచార్యునికి ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. అలా కాకుండా, ఆయన రాసిన పరిశోధన వ్యాసం ఒకటి చదివి, అందులో తనకు అర్థమైనది ఏమిటి, సందేహం ఎక్కడ వచ్చింది, ఆ పనిలో తాను ఏ కొంచెం చేయగలడు అన్న మూడు విషయాలు ఒక పుటలో రాస్తే, ఆ ఉత్తరానికి విలువ ఉంటుంది. తెలియనిది తెలిసినట్లు రాయకూడదు. రాసిన ప్రతి మాటనూ చేరిన మొదటి వారంలోనే చేతలలో చూపవలసి వస్తుంది.

చేరిన తరువాత ఇచ్చే పని కూడా మొదట గొప్పదిగా ఉండదు. ఒక పరికరం సరిగా చూపుతున్నదా లేదా అని పదేపదే కొలవడం, కంప్యూటరులో అంకెలను సరిచూడడం, ఇతరులు రాసిన ప్రోగ్రాములో తప్పు వెతకడం వంటి పనులే ఉంటాయి. కాని పరిశోధన అంతా ఇటువంటి చిన్న పనుల మీదనే నిలబడి ఉంటుంది. ప్రయోగశాలలో ప్రతివారూ ఒక నోటు పుస్తకం ఉంచుకుంటారు. ఆనాటి తేదీ వేసి, చేసినది చేసినట్లు, చూసినది చూసినట్లు సిరాతో రాస్తారు. ఒక అంకె తప్పు పడితే దానిని చెరిపివేయరు. దాని మీద ఒక్క గీత మాత్రం గీసి, పక్కన సరైన అంకె రాస్తారు. తప్పు కూడా కనబడుతూ ఉండాలి. ఎందుకంటే తరువాత వచ్చినవారికి అది కూడా ఉపయోగపడవచ్చు. అనుకున్న ఫలితం రాకపోతే, రాలేదని రాయడమే శాస్త్రధర్మం. ఒక వేసవిలో విద్యార్థి నేర్చుకునే విషయాలలో ఈ నిజాయితీ మొదటిది.

పని ముగిశాక కూడా నేర్చుకునేది ఉంటుంది. వండుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, ఉన్న భృతిలో సర్దుకోవడం తానే చూసుకోవాలి. మన దేశంలో ఏప్రిల్, మే నెలలు వేసవి. ఐరోపాలో జూన్ నుంచి ఆగస్టు వరకు వేసవి. జూన్ నెలలో జెనీవాలో రాత్రి తొమ్మిది దాటినా సూర్యుడు అస్తమించడు. సెర్న్‌లో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ అధికార భాషలు. బయట అంగడిలో వినిపించేది ఎక్కువగా ఫ్రెంచి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడుతూ పెరిగిన విద్యార్థికి ఇది పూర్తిగా కొత్త అనుభవం కాదు. ఎదుటివారి భాషలో నాలుగు మాటలు నేర్చుకుని పలకరిస్తే వారి ముఖం ఎలా వికసిస్తుందో అతనికి చిన్ననాటినుంచే తెలుసు.

దూరపు కొండలు నునుపు అన్న సామెత ఉంది. విదేశీ శిక్షణ విషయంలో కూడా దీనిని గుర్తుంచుకోవాలి. విమానం ఖర్చు, వీసా రుసుము, బీమా కలిపితే సామాన్య కుటుంబానికి పెద్ద భారమే. కొన్నిచోట్ల భృతి లేకుండా పని చేయించుకుంటారు. అటువంటి శిక్షణ కలిగినవారి పిల్లలకే అందుతుంది. ఇది అన్యాయమని గుర్తించి కొన్ని దేశాలు చట్టాలు చేశాయి. ఫ్రాన్సులో శిక్షణ రెండు నెలలు మించితే విద్యార్థికి భృతి చెల్లించడం తప్పనిసరి.

అంతకంటె పెద్ద ప్రమాదం మోసగాళ్ల వల్ల కలుగుతుంది. డబ్బు కడితే చాలు, విదేశంలో శిక్షణ ఇప్పిస్తామని చెప్పే దళారులు ఉంటారు. పర్యాటకుల వీసా మీద తీసుకువెళ్లి పనిలో పెట్టేవారు కూడా ఉంటారు. అలా వెళ్లినవారు అక్కడి చట్టం దృష్టిలో నేరస్థులవుతారు. అప్పుచేసి పంపిన తల్లిదండ్రులు ఇక్కడ అప్పుల పాలవుతారు. నిజమైన ఆహ్వానపత్రంలో సంస్థ పేరు, పని చూపించేవారి పేరు, తేదీలు, భృతి, చేయవలసిన పని స్పష్టంగా ఉంటాయి. అందులోని చిరునామాకు కళాశాల ద్వారా స్వయంగా ఉత్తరం రాసి నిర్ధారించుకోవాలి. పాస్‌పోర్టును ఇతరుల దగ్గర ఉంచకూడదు. పరదేశంలో ఆపద వస్తే అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. విదేశాలలోని భారతీయుల ఫిర్యాదుల కోసం విదేశాంగ మంత్రిత్వ శాఖ 2015లో మదద్ అనే ఇంటర్నెట్టు సేవను ప్రారంభించింది.

వెళ్లలేనివారు నిరుత్సాహపడనవసరం లేదు. ఇటువంటి శిక్షణ మన దేశంలో కూడా లభిస్తుంది. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్ నగరాలలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి విద్యార్థులకు వేసవి పరిశోధన సభ్యత్వాలు ఇస్తూ వచ్చాయి. ఎంపికైన విద్యార్థి సుమారు రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తాడు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ కూడా వేసవిలో విద్యార్థులను చేర్చుకుంటుంది. ఒడిశాలోని బరంపురంలో 2016లో భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఏర్పడింది. ఒకప్పుడు దూరనగరాలకు వెళ్తేనే కనిపించే ప్రయోగశాలలు ఇప్పుడు ఇంటికి కొంత దగ్గరయ్యాయి. ఇక్కడ శ్రద్ధగా చేసిన పనే తరువాత విదేశీ ఆహ్వానానికి తగిన అర్హత అవుతుంది.

వేసవి ముగిశాక విద్యార్థి తిరిగి తన కళాశాలకు వస్తాడు. తెచ్చుకున్న జ్ఞానాన్ని తోటివారితో పంచుకోవడం అతని బాధ్యత. అంతటితో బాధ్యత తీరదు. 1948లో పది దేశాలు ఒప్పుకున్న నియమం ఒకటే: మనం వెళ్లాలంటే మన దగ్గరికి వచ్చేవారికి చోటు ఇవ్వాలి. ఏదో ఒక వేసవిలో మన ఊరి కర్మాగారానికో, మన కళాశాల ప్రయోగశాలకో ఒక విదేశీ విద్యార్థి రావచ్చు. మన భాష తెలియక, మన కారం తినలేక, మన ఎండకు తాళలేక అతడు మొదట కొంత ఇబ్బంది పడతాడు. అతనికి పని ఓర్పుతో నేర్పి, బస చూపి, నాలుగు తెలుగు మాటలు చెప్పి ఆదరించినవారు, తెలియకుండానే మన విద్యార్థి ఒకనికి ఆ దేశంలో చోటు సంపాదించి పెట్టినవారవుతారు.