పాత డీజిలు కారు తొట్టిలోని మడ్డి

గడచిన వర్షకాలపు చివర పలమనేరు సమీప గ్రామమునుండి మన సభ్యులొకరు సంఘమునకు అప్పు కోరి వచ్చిరి. పాడియావునకు బేరము కుదిరినదనియు, ఆ పైకము చాలనందున మిగిలినది సంఘము ఇప్పించవలెననియు చెప్పిరి. కారణ మడుగగా, వారి అంబాసిడరు కారునకు డీజిలు పంపు చెడినదని మరమ్మతుచేయు వాడొకడు తేల్చెనట.

అంబాసిడరు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినది. అయినను మన ప్రాంతమున అక్కడక్కడ అవి ఇంకను తిరుగుచున్నవి. ఈ కారు టమాటా బుట్టలను మోయును, పాలక్యానులను మోయును. రాత్రివేళ ఎవరికైన నొప్పులు వచ్చిన ఆసుపత్రికి చేర్చునదియు ఇదియే. అట్టిది చిత్తూరునుండి తిరిగి వచ్చుచు మొగిలి కనుమ నడుమ ఆగిపోయెను. వెనుక లారీ వచ్చుచుండెను. కుమారుడు దుమికి చక్రము క్రింద రాయి పెట్టినందున బండి వెనుకకు జారలేదు. పావుగంట ఊరకుంచగా ఇంజను మరల నడిచినది. కొంత దూరము పోయి మరల నిలిచినది.

ఆ పావుగంట సంగతియే మాకు సందేహము కలిగించెను. అరిగిన పంపు అంతటి విశ్రాంతితో బాగుపడుట అరుదు. చదునుబాటలో నడిచి, ఎగువకు పోవునప్పుడు ఆగి, కొంతసేపటికి మరల అందుకొనుట ఇంధనము సరిగా అందకపోవుటకు గురుతు. పూడిక పేరిన చెరువును తలచుకొనుడు. తూము తెరచినంతనే నీటి వడికి పూడిక తూము నోటికి వచ్చి పడును. మూసిన పిమ్మట మెల్లగా విడిపోవును. కారు తొట్టిలో డీజిలును పీల్చు గొట్టమే తూము. ఎగువబాటలో ఇంజను ఎక్కువ డీజిలు కోరును, గొట్టము గట్టిగా పీల్చును, మడ్డి దాని జల్లెడకు అంటుకొనును.

మొదట మేము తొట్టి మూత వదులుచేసి కారు నడిపించి చూచితిమి. మూతకుండు గాలిరంధ్రము మూసికొనిపోయినను ఇదే వ్యాధి కనబడును. అప్పుడు మూత వదులు చేసినంతనే నయమగును. ఇచ్చట నయము కాలేదు. కావున తొట్టి దింపుటకు నిశ్చయించితిమి.

ఈ పని ఆరుబయట, చదునైన నేలమీద, ఇంజను చల్లారిన పిమ్మట చేయవలెను. బ్యాటరీ తీగ విప్పవలెను. బీడీలు దరికి రాకూడదు. కొన్ని తొట్లకు అడుగున బిరడా ఉండును, కొన్నిటికి ఉండదు. లేనిచోట చేతిపంపుతో తోడవలెనుగాని గొట్టమును నోట పెట్టి పీల్చరాదు. ఇది మన పల్లెలలో చాలమందికి అలవాటు. గుక్కెడు డీజిలు ఊపిరితిత్తులలోనికి పోయిన ప్రాణాపాయము కలుగును. పొరపాటున మ్రింగినవానికి వాంతి చేయింపక వెంటనే వైద్యునియొద్దకు కొనిపోవలెను.

మొదట కారినదానిని గాజుసీసాలో పట్టి ఒక రాత్రి కదల్పక ఉంచితిమి. తెల్లవారి చూడగా పైన డీజిలు, అడుగున నీరు, రెంటి నడుమ నల్లని జిగురు తెర కనబడెను. లీటరు డీజిలు సుమారు 830 గ్రాములే తూగును గనుక నీరు ఎప్పుడును దాని క్రిందికే చేరును. ఈ నీ రెక్కడిది? తొట్టి సగము ఖాళీగా ఉన్నప్పుడు లోపలి గాలిలోని చెమ్మ రాత్రి చలికి రేకుపై బిందువులై పట్టి క్రిందికి జారును. మన మెట్టసీమలో శీతకాలపు రాత్రులు ఎట్టివో వ్రాయనక్కరలేదు. ఆ నీరు ఉన్నచోట సూక్ష్మజీవులు పెరిగి డీజిలునే ఆహారముగా తినును. హార్మోకోనిస్ రెసినే అను బూజు విమానముల తొట్లలో సైతము కనబడినది. జిగురు తెర అట్టివాని పనియే. వట్టి దుమ్మయిన వడపోత మార్చినంతనే తీరెడిది.

తొట్టిని దింపి, కొలత చూపు తేలుడును విప్పి, కొంచెము మంచి డీజిలు పోసి, చిన్న మరచుట్లను లెక్కపెట్టి వేసి నలుప్రక్కల కదలించితిమి. లెక్కపెట్టుట ముఖ్యము, వేసినన్నియు బయటికి రావలెను. నాలుగుమార్లు కడుగగా తేటడీజిలు వచ్చినది. పెట్రోలుతో ఎన్నడును కడుగరాదు. తొట్టికి చిల్లి కనబడినచో ఖాళీ తొట్టియే గదాయని అతుకు పెట్టించుటకు పోకుడు. లోపలి ఆవిరి నిప్పు తగిలి పేలును. దానికి వేరు ఏర్పాటు గల పనివాడు కావలెను.

పీల్చు గొట్టపు జల్లెడ కడిగి, వడపోతలు క్రొత్తవి వేసి, తొట్టి బిగించిన పిమ్మట గొట్టములలోని గాలి తీయవలెను. వడపోతమీది మర వదులుచేసి చేతిమీట నొక్కుచుండగా మొదట నురుగు, పిదప బుడగలు, తుదకు తేటధార వచ్చును. అప్పుడు మర బిగింపవలెను. ఇది పాత ఇంజనులకే వర్తించును. ఇప్పటి క్రొత్త కార్ల గొట్టములలోని ఒత్తిడి చర్మమును చీల్చుకొని పోగలదు, వానిని ముట్టరాదు.

ఒక మాట. 1900లో పారిసు ప్రదర్శనమున ఒక డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతో నడిపిరి. ఇది విని మన గానుగనూనె పోయుదురేమో, పోయకుడు. చిక్కని నూనె పాత పంపునకు భారము, ఇంజెక్టరులకు మసి.

మడ్డిని బావిదరినిగాని కాలువలోగాని పారబోయక, డబ్బాలో పట్టి పాతనూనె కొనువారికి ఈయవలెను. డీజిలు పీపాలో నిలువచేయువారు దానిని కొంచెము వాల్చి నిలిపి, కొళాయిని అడుగునకు నాలుగంగుళములు పైన అమర్చుకొనుడు. కారు తొట్టిని రాత్రికి నింపియుంచుట మేలు.

మరునాడు ఆ సభ్యులు కారును మొగిలి కనుమ ఎక్కించి వచ్చిరి. ఎచ్చటను ఆగలేదు. వడపోతలకును డీజిలునకును అయిన వ్యయమునకు అప్పు అక్కరలేకపోయినది. ఆవు బేరము మానుకొనిరి. మడ్డి సీసాను సంఘ కార్యాలయపు కిటికీలో ఉంచితిమి. సభ్యులు వచ్చి చూడవచ్చును; సీసాను మాత్రము కదల్పవలదని కోరుచున్నాము.